ఆధారం గారి పడవ

మా బావమరిది తన పెళ్ళిరోజు ఉదయం పెళ్ళికూతురి ఇంటికి ఫోన్ చేసి, పెళ్ళి ఇవాళేననడానికి ఆధారం ఏమిటని అడిగాడు. అంటే, వాళ్ళింటికి కాదు లెండి, పక్కింటికి. వాళ్ళు అవునన్నాకే గడ్డం గీసుకున్నాడు.

ముప్పై ఏళ్ళు బీమా కంపెనీలో నష్టాలు తనిఖీ చేసినవాడు. ఇల్లు బూడిదైందంటే, ఏదీ అగ్గిపుల్ల అనే రకం. వీధంతా వాణ్ణి ‘ఆధారం గారు’ అనేది. ఆ మనిషినే మా వీధి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ని చేశారు. పిల్లి తప్పిపోయిందని ఎవరైనా పెడితే, అసలు మీకు పిల్లి ఉండేదా అని అడిగేవాడు.

అంతలో వరద వచ్చింది. వీధి మొత్తానికి ఒక్కటే పడవ. గ్రూపులో మాత్రం నీళ్ళకన్నా వేగంగా మెసేజిలు పెరిగాయి. అందులో సగం కిందటేడాది ఫోటోలు, ఇంకో పావు అప్పటికే గట్టెక్కినవాళ్ళ కేకలు. మావాడు మా మేడ మీద కూర్చుని, నీళ్ళ పక్కన ఇవాళ్టి క్యాలెండరు కాగితం పెట్టి మళ్ళీ ఫోటో తీయండని అందరికీ జవాబిచ్చాడు. తిట్లు తిన్నాడు గానీ, పడవను ఒక్క ఖాళీ ఇంటికీ పోనివ్వలేదు.

మధ్యాహ్నం వీధి చివరి టైలరమ్మ మెసేజి పెట్టింది. ఒక్కతే ఉంది, కాలికి కట్టు, పై వాటాకు తాళం, మెట్ల మీద కూర్చుంది, నీళ్ళు ఎక్కుతున్నాయి. మావాడు ఫోన్‌లో ఏదో నొక్కి, వెంటనే ఆవిడకు కాల్ చేశాడు.

“నీళ్ళు ఎన్నో మెట్టు దగ్గరున్నాయమ్మా? ఐదా? కింది నుంచా, పై నుంచా? టేపు మెడలోనే ఉంటుందిగా, మెట్టు ఎత్తు కొలిచి చెప్పు. ఆ టేపు సాగిపోయింది కాదుగదా?”

మా ఆవిడకు ఒళ్ళు మండింది. “ఒరేయ్, ముందు పడవ పంపరా. ఆవిడ మునిగాక నీకు కొలతలెందుకు?”

వాడు అక్క మాట వినిపించుకోలేదు. ముప్పావు గంట కొలతలు, జాకెట్ల లెక్క, కుట్టుమిషను వయసు.

ఏడో మెట్టు తడిసే వేళకు పడవ చేరింది. టైలరమ్మ మా మేడెక్కగానే మా ఆవిడ తమ్ముడి తరఫున క్షమించమంది.

“అదేంటక్కా? అన్నయ్యకు లెక్కలు చెప్పడంతోనే సరిపోయింది, ఏడవడానికి తీరికేదీ?”

పడవతను నవ్వుతూ తన ఫోన్ చూపించాడు. టైలరమ్మ మెసేజి వచ్చిన నిమిషానికే మావాడు అతనికి పెట్టాడు: “అవతలి కొసన ఉన్నా సరే, ముందు టైలరమ్మ ఇంటికి వెళ్ళు. ఆధారం అక్కర్లేదు.”

ఇది రాసి మావాడికి వినిపించాను.

“అంతా కట్టుకథ బావగారూ. అలాంటి మెసేజి నేను పెట్టనేలేదు.”

“నా కళ్ళారా చూశాను కదరా.”

“చూశారు సరే. పక్కన క్యాలెండరు ఉందా?”