కిరాయి బోర్డు

మొన్న కూరగాయలకని బయలుదేరితే, కిషన్‌బాగ్‌లో మా సందు మలుపున ఏళ్ళ తరబడి మూతబడి ఉన్న సోడా దుకాణం జాగాలో అద్దాల తలుపుల ఆఫీసు ఒకటి కనిపించింది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెడతారట. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న ఇద్దరు ఆడపిల్లలు దారిన పోయేవాళ్ళకు కాగితాలు పంచుతూ నా చేతిలోనూ ఒకటి పెట్టారు. పెద్ద కంపెనీ పేరు మీద మా ఓనరు ఫ్రాంచైజీ తీసుకున్నాడమ్మా అని అందులో ఒక పిల్ల, చెవిటిదానికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఈ పనిలోనే నా తల నెరిసిందని ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది? మాకప్పుడు ఆ ఇంగ్లీషు మాట తెలియదు గాని పద్ధతి మాత్రం అదే. మేము దాన్ని బోర్డు కిరాయికి తీసుకోవడం అనేవాళ్ళం.

డెబ్బైల నాటి మాట. అబిడ్స్‌లో టాక్సు కేసులు చూసే పెద్ద వకీలుగారు ఒకరుండేవారు. బేగంబజార్ సేఠ్‌లకు ఆయన పేరంటే మహా గురి. అయితే ఆయన ఆ హమాలీల మధ్య, మిరపకాయల ఘాటులో వచ్చి కూర్చునే మనిషి కారు. అందుకని తన దగ్గర గుమాస్తాగా ఉన్న మావారికి తన పేరు రాసిన రేకు బోర్డు ఇచ్చి, బజారులో ఒక గిన్నెల దుకాణం మీది గదిలో కూర్చోబెట్టారు. వచ్చిన ఫీజులో ఆయనకు సగం, మాకు సగం. షరతు ఒక్కటే, ఆ బోర్డు కింద ఏ సేఠ్ రిటర్నూ గడువు దాటకూడదు. దాటిందంటే బోర్డు దిగిపోతుంది.

మావారు పగలంతా సేఠ్‌లు తమ ఎర్ర బట్ట లెక్కల పుస్తకాలు, బహీల్లోంచి మార్వాడీలో చదువుతుంటే చిత్తు కాగితాల మీద ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి తెచ్చేవారు. నేను మెట్రిక్ దాకా చదివినదాన్ని, దస్తూరి బాగుంటుందని పేరున్నదాన్ని కనుక ఫారాల మీద ఇంగ్లీషులో నింపే పని నాది. ఆ రాత మావారిదే అనుకుని వకీలుగారు ఆయనను మెచ్చుకునేవారట. ఆ మెప్పును మావారు ఇంటికి మోసుకొచ్చి నాకు అప్పజెప్పేవారు. ఇంకో కప్పు ఛాయ్ కోసం ఎత్తు వేస్తున్నారని నేను వేళాకోళమాడేదాన్ని. ఆలయ సేవలో ఉన్న మా మామగారు ఈ లొల్లి వినీ విననట్టు జపమాల తిప్పుకునేవారు.

ఒక ఏడు ఆషాఢంలో, గడువు ఇంకా వారం పది రోజులుందనగా, మావారు ఆ గది మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ అక్కడే కూర్చుండిపోయారు. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. నేను ఏడ్చినట్టు గుర్తు లేదు. ఎవరో గ్లాసు నోటి దగ్గర పెడితే తాగాను, లెమ్మంటే లేచాను, లోపలి గదిలో చాప వేసి కూర్చోమంటే కూర్చున్నాను. కాలికి తిమ్మిరి పడుతుంది చూడండి, అట్లా మనిషి మొత్తానికి పట్టింది. వీధిలో ఎక్కడో బోనాల డప్పులు వినిపిస్తుంటే, ఓహో పండుగ వచ్చిందన్నమాట అనుకున్నాను, అంతే.

రెండు మూడు రోజులకు పెద్ద వకీలుగారు పరామర్శకు వచ్చారు. మైల ఇల్లు కనుక లోపలికి రాకుండా సందులోనే నిలబడి మామగారితో మాట్లాడారు. తలుపు చాటున నాకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "గడువు దాటితె నా పేరు ఖరాబైతది పంతులుగారు. బోర్డు మా బామ్మర్దికి ఇస్త. కోడలు సంగతి ఫికర్ చెయ్యకుండ్రి, తర్వాత ఏదన్న చూద్దాం" అన్నారు. చెడ్డవారు కాదు, ఆయన ఇబ్బంది ఆయనది. కాని ఆ తర్వాత చూసే ఏదన్నా ఎట్లా ఉంటుందో అందరికీ తెలిసినదే. చంటిపిల్లతో నేను, ఆలయంలో వచ్చే కొద్దిపాటి బియ్యం మీద మామగారు, మా బతుకంతా ఆ రేకు ముక్కకు వేలాడుతోంది. ఇదంతా నాకు అర్థమైంది గాని భయం మాత్రం వేయలేదు. అప్పుడు నాలో భయపడే మనిషి లేదు.

భయపడ్డది మామగారు. ఆలయంలో పూజ దాయాదుల మధ్య వంతుల వారీగా నడిచేది. మైల వస్తే వంతు ఇంకొకరికి అప్పగించాలి. తన తల్లి పోయినప్పుడు అట్లా అప్పగించిన వంతును తిరిగి తెచ్చుకోవడానికి ఆయన ఎన్ని గడపలు తొక్కారో అత్తగారు బతికుండగా కథలు కథలుగా చెప్పేవారు. ఆ సాయంత్రం ఆయన నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, మొహం అటు తిప్పుకునే, "ఒకపారి ఇడిశిపెట్టిన వంతు మళ్ల రాదు బిడ్డ. నాకెర్క. నువ్వు రాయి, తిరిగేటిది నేను తిరుగుత" అన్నారు.

మర్నాడు ఆయన బస్సు ఎక్కితే నలుగురికి తగులుతానని బేగంబజార్ దాకా నడిచే వెళ్ళారు. ఒక్కొక్క దుకాణం ఎదుట, నడివీధిలో నిలబడి, కాగితాలు మా ఇంటి అరుగు మీద పెట్టండి, కోడలు రాస్తుంది, ఇన్నేళ్ళూ రాసింది కూడా ఆమేనని చెప్పి వచ్చారు. కన్నకొడుకు పోయిన మనిషి, బజారులో కోడలి దస్తూరి గురించి చాటుకుంటూ తిరిగారు.

అందరికంటే ముందు మావారి గది కింది దుకాణం గిన్నెల సేఠ్ వచ్చాడు. మైల ఇంట్లో ఎవరూ చేతికి ఏదీ ఇవ్వరు, చేతి నుంచి ఏదీ పుచ్చుకోరు. సందులో గొడుగు కింద నిలబడి బహీ విప్పి అంకెలు గట్టిగా హిందీలో చదివాడు. లోపల చాప మీద కూర్చుని నేను రాశాను. రాసిన ఫారం అరుగు మీద పెట్టి వెనక్కి వచ్చాక ఆయన తీసుకున్నాడు. మైల పోవాలని కాగితం మీద నీళ్ళు చల్లితే సిరా పారుతుందని ఆ నీళ్ళేవో తన నెత్తి మీదే చల్లుకుని, సొంత కలంతో సంతకం చేసి మళ్ళీ అరుగు మీద పెట్టి పోయాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ వచ్చారు. మా ఆడపడుచు చూసి చూసి, "అన్న పోయి నాలుగు దినాలు గాలె, గీ రాతలేంది వదినె? మంది ఏమనుకుంటరు?" అంది. తప్పు లేదు, ఆమె ఏడుస్తోంది, నేను ఏడవడం లేదు. నేను తర్వాతి ఫారం ముందుకు లాక్కున్నాను.

గడువు నాటి ఉదయానికి మిగిలింది ఒక్క ఫారం. అది మావారిదే. ముందు మనది నింపి పెట్టుకోవాలి అని ఆయన పట్టుబడితే, పోవడానికి వారం ముందే నేను రాసిపెట్టాను. ఆయనకు ఒక అలవాటు, సంతకం చేయాల్సిన ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టేవారు. సంతకాలు అయ్యాక ఆ టిక్కులను రబ్బరుతో తుడిచేసేవాళ్ళం, పెన్సిల్ గీతలుంటే టాక్సు ఆఫీసు కౌంటర్ గుమాస్తా తిరగ్గొట్టేవాడు. తన ఫారం మీద కూడా తనకోసం తానే టిక్కులు పెట్టుకున్నారు. నేను ఆయన పేరుకు ముందు 'లేట్' అని రాశాను. అట్లాంటి ఫారాలు ఎందరు విధవలకో రాసిన చెయ్యే అది. టిక్కు ఉన్న చోటల్లా వారసురాలిగా నా సంతకం చేశాను. ఆ తర్వాత రబ్బరు తీసి అన్నీ తుడిచాను, పొట్టు ఊది దులిపాను. మామగారు కట్ట తీసుకుని పోయి కౌంటర్‌లో ఇచ్చి, ముద్ర వేసిన రసీదులు తెచ్చారు. సర్కారు ఆఫీసులో మైల ఎవరూ అడగలేదట.

బోర్డు దిగలేదు. రసీదులు చూసిన వకీలుగారు పన్నెండో రోజు తర్వాత గది తాళం నాకే పంపారు. ఆ గదిలో ఎన్నో ఏళ్ళు కూర్చున్నాను, పిల్లను చదివించాను, పెళ్ళి చేశాను. అన్నీ సక్రమంగానే జరిగాయి.

ఆ తిమ్మిరి వదలడానికి ఏడాది పైనే పట్టింది. వదిలాక ఒక మధ్యాహ్నం, ఆయన చేతి గుర్తు ఏదైనా చూసుకోవాలనిపించి ఇల్లంతా వెతికాను. మేము మేనరికం, ఒకే వీధిలో పెరిగినవాళ్ళం, ఉత్తరాలు రాసుకునే అవసరమే రాలేదు. సేఠ్‌ల గుట్టు బయటపడకూడదని చిత్తు కాగితాలు సీజను కాగానే చింపేసేవాళ్ళం. ఫారాల మీదున్నదంతా నా రాతే. ఇప్పటి పిల్లలు పోయినవాళ్ళ గొంతులు కూడా ఫోన్లలో దాచుకుని వింటున్నారు, చూస్తే నాకు అసూయగానే ఉంటుంది. మా రోజుల్లో మైల తీరగానే ఇల్లంతా కడుక్కోమని చెప్పేవాళ్ళు ఎందరో ఉండేవారు. ఒక పెన్సిల్ గీతనైనా ఉంచుకోమని చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.