దేముడమ్మ కట్టిన చుట్టిల్లు

సముద్రం ఒడ్డున అక్కుపల్లిలో ఉండే దేముడమ్మకు అరవై రెండేళ్లు. తండ్రి పైడయ్య చేపల వేటకు పోని రోజుల్లో చుట్టిళ్లు కట్టేవాడు. కొడుకులు లేని ఆయన ఆ పని కూతురికే నేర్పాడు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద నడుమెత్తు దాకా దిగిన తాటాకు కప్పు. తిత్లీ తుఫానులో ఊళ్లో ఇళ్ల రేకులు జీడితోటల్లో దొరికాయి గాని, ఆమె ఇల్లు నాలుగు ఆకులు పోగొట్టుకుని నిలబడింది. అయినా ఆ తర్వాత అందరూ శ్లాబులే వేయించుకున్నారు. నాలుగేళ్లు ఆమెను ఇల్లు కట్టమన్నవాళ్లు లేరు.

చివరికి అడిగింది బడి పంతులమ్మ ప్రసూన. పలాస నుంచి రోజూ బస్సులో వస్తుంది. పిల్లలు చదువుకోవడానికి బడి వెనక ఒక చుట్టిల్లు కావాలంది. దేముడమ్మ రెండు నెలల్లో కట్టి ఇచ్చింది. ఏప్రిల్ ఎండల్లో కూడా పిల్లలు అందులోంచి కదిలేవారు కాదు. మూడో ఏడు, టెక్కలిలో ఒక సంఘం మంచి కట్టడాలకు అవార్డులిస్తోందని తెలిసి ప్రసూన ఆ ఇంటి ఫొటోలు పంపింది.

మంగళవారం ఫోనొచ్చింది. సంఘంవాళ్లు గురువారం ఇల్లు చూడటానికి వస్తున్నారు. ప్రసూన పరుగున బడి వెనక్కి వెళ్లేసరికి దేముడమ్మ నిచ్చెన మీదుంది. పాత ఆకు మార్చాలని సగం కప్పు విప్పేసింది.

"అయ్యో, ఇప్పుడెలా పిన్నీ? రెండ్రోజుల్లో కప్పేయగలవా?"

"ఏటి కప్పేది? ఆకింకా ఆరనేదు. పచ్చాకు ఏత్తే కుళ్లిపోద్ది."

"పోనీ, ఇంకో వారం ఆగమని అడగనా?"

దేముడమ్మ కిందికి దిగి చేతులు దులుపుకుంది. "ఎందుకమ్మా? రానీ. కప్పు తీసుంటేనే కదా లోపల ఏటున్నాదో అగుపడతాది."

గురువారం ముగ్గురు దిగారు. వాళ్లలో విశాఖ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు శ్రీవిద్య, తాటి వాసాలు ఒకదానికొకటి ఎలా పట్టుకున్నాయో చూస్తూ ఇల్లంతా తిరిగింది. తర్వాత ప్లాన్ ఉందా అని అడిగింది. దేముడమ్మ ఇసకలో మేకు పాతి, తాడు కట్టి ఒక్క చుట్టు తిరిగింది. "ఇదేనమ్మా. ఏడు మూరల తాడు."

"చూరు ఎందుకింత కిందికి దించారు?"

"గాలికి పట్టు దొరక్కూడదు. మూలుంటే అక్కడ పట్టుకుంటాది. దీనికి మూలేదీ?"

శ్రీవిద్య చెప్పులు విడిచి నిచ్చెనెక్కింది. ఆవిడ దిగేసరికి రెండు గంటలు గడిచాయి.

టెక్కలిలో అవార్డుల సభకు ఊరు ఊరంతా రెండు ఆటోల్లో, ఒక వ్యానులో కదిలింది. పలాసలో బాగుచేసిన పాత బంగళాకు ఒక అవార్డు వచ్చింది. ఆ తర్వాత "పర్యావరణానికి మేలు చేసే కట్టడం" అంటూ మైకులో అక్కుపల్లి పేరు వినబడగానే వెనక వరుసల్లో ఈలలు మోగాయి. చీర కొంగు సర్దుకుంటూ దేముడమ్మ మెట్లెక్కింది. రెండు మాటలు చెప్పమన్నారు.

"నాకు మాటలు రావు. ఇల్లు కట్టడం వొచ్చు. మా అయ్య నాకు నేర్పినాడు, నాను ఇంకెవులికీ నేర్పనేదు. సోమవారం బడి కాడ కప్పు ఏత్తన్నాం. నేర్సుకుంటామన్నోలు కత్తి అట్టుకుని రండి."

సోమవారం పొద్దున్నే పదకొండుమంది వచ్చారు. సంతబొమ్మాళి నుంచి ఇద్దరు తాపీమేస్త్రీలు, కాలేజీ అమ్మాయిలు నలుగురు, ఊళ్లోవాళ్లు మిగతావాళ్లు. మట్టి పనంటే ముఖం తిప్పుకునే దేముడమ్మ కూతురు మంగ కూడా వాళ్లలో ఉంది. దేముడమ్మ ఆరిన తాటాకుల మోపు ఆమె నెత్తికెత్తి, "పైకెక్కు, సూరు కాణ్నుంచి మొదలెడదాం" అంది.