పగులు మీద పట్టీ

మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దాయన మొన్న గురువారం పొద్దున పోయారు. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. వాళ్లమ్మాయి మెట్లెక్కి వచ్చి, మా అమ్మాయిని పట్టుకుని ఏడ్చింది.

"నాలుగు మాటలు రాయి నాన్నా, మన తెలుగు సంఘం పత్రికలో వేస్తారు" అంది మా అమ్మాయి. నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ని. మాచర్ల వైపు రాతిగోడలు కట్టి బతికాను. మాట్లాడటమే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. తప్పులుంటే మన్నించండి.

ఆయన తెలుగువాడు కాదు. స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే సీమలో, కొండ మీది పాత ఊరు ఆయనది. ఆ పేరు నాకు నోరు తిరగదు. నల్లరాతి కొండ, కత్తి అంచులా సన్నం. రెండు పక్కలా రెండు ఏర్లు. కొస దాకా ఇళ్లే, చిట్టచివర చర్చి. ఆ కొండరాయే కొట్టి, వందల ఏళ్ల కిందట కట్టారట. ఇళ్ల వెనక గోడ దాటితే ఇక నేల లేదు, లోయే. ఫోటో చూసి మా ఇంట్లో అందరూ ఎంత బాగుందో అన్నారు. నాకు అరికాళ్లు జిల్లుమన్నాయి.

ఇక్కడ సన్నీవేల్‌లో మాకు స్నేహం కుదిరింది ఒక రాయి వల్ల. ఆయన టమాటా మడి చుట్టూ సిమెంటు లేకుండా గోడ పేరుస్తున్నారు. పొడుగు లోపలికి పోవాల్సిన రాయిని అడ్డంగా పెట్టారు. చూసి ఊరుకోలేక వంగి దాన్ని తిప్పి పెట్టాను. వెంటనే సిగ్గేసి వెళ్లిపోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో కాయలు తడిమి, పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి నన్ను "మేస్త్రీ" అనేవారు. మా అమ్మాయి నేర్పిన మాట. నాకు పది ఇంగ్లీషు మాటలు, ఆయనకు ఆ ఒక్క తెలుగు మాట. కష్టమైనవాటికి మా అమ్మాయి ఉంది.

"సార్ టమాటాలు ఎండకి చావవు, గోడ మీద పడి చస్తాయని చెప్పమ్మా" అన్నాను ఒకసారి.

"మా ఊరి గోడలు మేస్త్రీ తాత ముత్తాత పుట్టకముందు నుంచీ నిలబడ్డాయని చెప్పు" అన్నారట ఆయన.

"పాత గోడనే కనిపెట్టుకుని ఉండాలని చెప్పు" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి చూపించారు.

ఆయన పుట్టిన ఇంట్లో అక్క ఒక్కతే ఉంటుంది. ఎనభై ఆరేళ్లు. లోయ వైపు గోడలో పగులు. కిందటిసారి వెళ్లినప్పుడు ఆ పగులుకు అడ్డంగా బెత్తెడు సున్నం పట్టీ పూసి వచ్చారు. గోడ కదిలితే పట్టీ చిట్లుతుంది. మా వైపు గాజుముక్క అతికిస్తాం, పద్ధతి అదే. ప్రతి ఆదివారం ఆవిడ పట్టీ ఫోటో పంపేది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని చూసేవాళ్లం. "గోడ గొణిగినప్పుడే వినాలి మేస్త్రీ, అరిచేదాకా ఆగకూడదు" అనేవారు.

ఒక ఆదివారం పట్టీ నిండుగా ఉంది. మరీ నిండుగా. అంతకుముందు తాపీ గీతలు పై నుంచి కిందికి ఉండేవి. ఇందులో అడ్డంగా ఉన్నాయి. పాతది పగిలితే ఎవరో గీకేసి కొత్తది పూశారు. నాకు ఒక్క చూపులో తెలిసింది. పరాయివాళ్ల ఇల్లు, చెప్పడానికి నేనెవర్ని అనుకున్నాను. మరుసటి వారం గీతలు మళ్లీ మారాయి. అప్పుడూ నోరు మెదపలేదు. మూడో వారం చెప్పాను.

"తెలుసు" అన్నారాయన, నేల చూస్తూ. "మా అక్కది ఎడమచేతి వాటం, ఆ గీతలు దానివే. మొదటి వారమే పోల్చుకున్నాను. ఊరి అధికారులకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఆ ఇంట్లోనే పోతానని దాని పట్టు."

"గొణిగినప్పుడే వినాలన్నది ఎవరు సార్?"

మా అమ్మాయి నా వైపు చూసింది. "నాన్నా, అలా అడగనా?"

"అడుగు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఊరికి ఫోన్ చేశారు. అధికారులు వచ్చి చూసి, ఆవిడను వీధి మొదట్లో ఉన్న చుట్టాలింటికి పంపి, తలుపుకు తాళం వేశారు. "నన్ను గోడ తొయ్యలేదు, నువ్వు తోశావు" అందట తమ్ముణ్ని. ఆ తర్వాత మాటా లేదు, ఫోటో లేదు. అయినా ఆదివారం ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. "బతికుండి తిట్టుకుంటోంది మేస్త్రీ. చాలు" అన్నారొకసారి.

ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్లు. నా పని ఏమిటో చూసి నన్ను గుర్తుపట్టినవారు ఆయనొక్కరే.

శనివారం వాళ్లమ్మాయి మళ్లీ పైకి వచ్చింది. ఈసారి కన్నీళ్లలోనే నవ్వుతోంది. ఇంట పుట్టినవాడు ఎక్కడ పోయినా, పుట్టిన ఇంటి తలుపు తెరిచి ఉంచాలని, ఇరుగుపొరుగు వచ్చి లోపల నిలబడాలని వాళ్ల ఆచారం. ఆయన అక్క తాళం పగలగొట్టించింది. "అత్త నాన్నను క్షమించింది, చూడండి" అని ఫోటో చూపించింది. నల్లబట్టల్లో పదిహేనుమంది, గోడకు వీపులు ఆనించి నిలబడ్డారు. నేను ముఖాలు చూడలేదు. భుజాల మధ్య సందుల్లో గోడ చూశాను. పట్టీ లేదు, రాలిపోయింది.

"ఎప్పటి ఫోటో అమ్మా?"

"ఇప్పటిదే నాన్నా. ఇంకా అక్కడే ఉన్నారట."

"ఫోన్ చెయ్యమను! అందర్నీ బయటికి రమ్మను!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల భాషలో గట్టిగా ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఎవరు పొమ్మంటున్నారని అత్త అడిగిందట. తన నాన్న చెప్పాడని ఈ అమ్మాయి చెప్పింది" అంది మా అమ్మాయి.

కాసేపటికి వీధిలోంచి తీసిన ఇంకో ఫోటో వచ్చింది. లోపల ఎవరూ లేరు. ఆవిడ ఎదురింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, కదలనందట. తలుపు మాత్రం తెరిచే ఉంచింది. చీకటిగా ఉన్న గది, ఆ చివర వెనక గోడ. దాని మీద దూలం దగ్గర్నుంచి నేల దాకా సన్నగా ఒక వెలుగు గీత. లోయలోని ఎండ.