కొండకు వీపు చూపని ప్రభ

త్రికోటేశ్వరరావుకు ఆ పేరు పెట్టిందే కోటప్పకొండ స్వామికి మొక్కుకుని. ముగ్గురు బిడ్డలు పుట్టి పోయాక, ఈ ఒక్కడు దక్కితే ఏటా శివరాత్రికి ప్రభ కట్టి కొండకు తెస్తానని వాళ్ళ నాన్న మొక్కాడు. నాన్న తర్వాత ఆ మొక్కు కొడుకు చేతికి వచ్చింది. ఏడాదంతా మిరపచేలో వంగి పనిచేసే మనిషి, మాఘమాసం రాగానే వెదురు కర్రలూ, నీళ్ళలో నానేసిన తాళ్ళూ ముందేసుకుని కూర్చునేవాడు. వెదురు చట్రంతో తాటిచెట్టంత ఎత్తున ప్రభ లేచేది. దాని ముఖానికి కట్టే ఎర్రగుడ్డ మీద అద్దాలతో సూర్యుణ్ణీ, నందినీ కుట్టేది పక్కింటి ఖాతూన్ బీ. కూలి మాట ఎత్తితే ఊరుకునేది కాదు. "నా చేతి దారం కూడా కొండదాకా పోనీ అన్నా" అనేది.

రెండేళ్ళుగా ఊళ్ళో కుర్రకారు మాట వేరుగా ఉంది, బల్బుల ప్రభ అద్దెకు తెద్దామని. వాళ్ళకు పెద్ద చరణ్.

"మామా, పక్కూరోళ్ళది బల్బులతో జిగేల్మంటా పోతంటే, మనది దుప్పటి కప్పుకున్న ముసలాయన మాదిరి పోతంది" అని ఎగతాళి చేసేవాడు.

సరిగ్గా అప్పుడే సినిమావాళ్ళు వచ్చారు. తిరునాళ్ళలో ఫైటింగ్ తీయాలి, ప్రభ కావాలన్నారు. త్రికోటేశ్వరరావునే కట్టమన్నారు.

"తెర మీద మన ప్రభ బాగా కనబడిందనుకో, ఈసారి శివరాత్రికి గూడా అదే పోద్ది. నాదీ మాట" అన్నాడు చరణ్.

ఊరి బయట చేలో ప్రభ లేపారు. లేపగానే త్రికోటేశ్వరరావు అలవాటు కొద్దీ పసుపూ కుంకుమా పెట్టి, కొండ వైపు తిరిగి టెంకాయ కొట్టాడు. అంతలో డైరెక్టరు వచ్చాడు.

"పెద్దాయనా, కెమెరాలో ప్రభ వెనకాల కొండ కనపడాలి. దీని ముఖం ఇటు తిప్పించండి."

"ఇటు తిప్పితే కొండకు వీపు పెట్టినట్టవుద్ది బాబూ."

"ఇది సినిమా ప్రభే కదండీ?"

"టెంకాయ కొట్టినాక ఇంకా సినిమాదేంది?"

డైరెక్టరు నవ్వి, "సరే, ఎలా ఉందో అలాగే ఉంచండి" అన్నాడు. ఎంత మంచి బిడ్డ అనుకున్నాడు త్రికోటేశ్వరరావు. అలా ఉంచితే కెమెరాకు ఏం కనపడుతుందో అడగాలని ఆయనకు తోచలేదు.

శివరాత్రి దగ్గర పడుతుండగా సినిమా విడుదలైంది. ఊరంతా ఆటోలెక్కి నరసరావుపేట మ్యాట్నీకి పోయారు. ఎన్నో ఏళ్ళుగా సినిమాహాలు ముఖం చూడని ఖాతూన్ బీ కూడా మంచి చీర కట్టుకుని వచ్చింది. నీ సూర్యుడు తెర నిండా వెలుగుతాడని ఆమెకు మాటిచ్చింది త్రికోటేశ్వరరావే.

తెర మీద హీరో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. కార్లు ఎందుకో గాల్లోకి లేస్తున్నాయి. విలన్ ఫోనులో బెదిరిస్తున్నాడు, దేనికో తెలియదు.

"ఏందయ్యా, ఎవురు ఎవుర్ని కొడతన్నారో నాకైతే తెలవలా" అంది భార్య కోటమ్మ.

"ఉండవే, మనది వస్తది."

ఆఖర్న వచ్చింది. దూరంగా కొండ. దాని ముందు ఉత్త వెదురు కర్రలు, తాళ్ళ ముళ్ళు, గుడ్డ వెనక వైపు. ఒక్క అద్దం లేదు. ప్రభ ముఖమంతా అవతల కొండ వైపే ఉంది. హీరో ఆ కర్రల మీది నుంచి దూకాడు.

"ఒరేయ్, పెళ్ళిపందిరి మీద్నుంచి దూకాడ్రోయ్!" అని ముందు వరసలో ఎవడో అరిచాడు. హాలంతా నవ్వింది.

బయటికొచ్చాక చరణ్ నవ్వలేదు. "ఈ ఏటికి బల్బులదే మామా. ఏమనుకోబాక" అన్నాడు.

త్రికోటేశ్వరరావు గబగబా ఆటో వైపు నడిచాడు. ఖాతూన్ బీ వైపు చూడలేకపోయాడు. ఆమే ఆటోలో చీర సర్దుకుంటూ, "ఎనక వైపు కుట్లు గూడా వంకర పోలేదులే అన్నా. చూశా" అంది.

ఆ మాటకు ఆయనకు ఇంకా దుఃఖమొచ్చింది. ఆ డైరెక్టరు మీద, ఆ కళ్ళద్దాల హీరో మీద, తన మీద కోపమొచ్చింది. రేపు మళ్ళీ అడిగినా తను ప్రభను తిప్పడు. అది తెలిసే మరీ ఒళ్ళు మండింది.

ఇంటికి పోగానే కళ్ళంలో పట్టా కప్పి పడుకోబెట్టిన ప్రభ దగ్గరికి పోయి ముళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. అవి బిగుసుకుపోయి ఉన్నాయి.

"రేపు విప్పొచ్చు గదయ్యా" అంది కోటమ్మ.

"ఇప్పుడే విప్పాల."

కాసేపటికి చరణ్ వచ్చి, అవతలి చివర కూర్చుని ఒక ముడి పట్టుకున్నాడు. గోళ్ళు నొప్పెట్టాయి గానీ ముడి కదల్లేదు.

"ఏంది మామా, ఇట్టా కట్టావు?"

"పడకుండా. కింద జనముంటారు గదరా."

చరణ్ ఆ ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు. "బల్బుల ప్రభకు గూడా కట్లు నువ్వే కట్టు మామా. ఆ అద్దె ప్రభోళ్ళని నేను నమ్మలేను."

త్రికోటేశ్వరరావుకు తిట్టాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ ప్రభ కింద కూడా నడిచేది ఊరి జనమే.

"కొత్త తాడు బావి దగ్గరికి పట్టుకుపో. రాత్రంతా నాననీ, తడిది కడితేనే ఆరినాక బిగుసుద్ది," అన్నాడు విసురుగా. "ఇంకో మాట. దాని ముఖం గూడా కొండ వైపే ఉండాల. తిప్పావంటే ఊరుకోను."