హార్డ్ డిస్క్ కడిగిన కథ

మొన్న ఆదివారం మా ఇంట్ల ఏమైందో చెప్తే, మీరు జన్మల నన్ను మీ కంప్యూటర్ ముట్టనియ్యరు. నవ్వకుండ్రి, ముందుగాల ఇనుండ్రి!

సిద్దిపేటల మాది స్టీలు సామాన్ల దుకాణం. ఇంట్ల కంప్యూటరేమో నిండిపోయింది. ఏది దాచవోయినా 'జాగ లేదు' అంటుండె. ఇగ కొత్త హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చిన. "బిగించెటోన్ని పిలువరాదు?" అన్నది మా ఆమె సుజాత. "నాలుగు స్క్రూలకు మనిషెందుకే? ఫోన్ల వీడియో చూసి నేనే బిగిస్త" అన్న. గట్లుంటది నా ధీమా!

బిగించిన. వైర్లు పెట్టిన. ఆన్ చేసిన. కంప్యూటర్ మంచిగనే లేసింది, కాని కొత్త డిస్క్ యాడ కనవడ్తలేదు! హైదరాబాద్ల కంప్యూటర్ల పని చేసే మా దోస్తు రవికి ఫోన్ కొట్టిన.

"అరే, కొత్తది దానంతటది కనవడదురా. డిస్క్ మేనేజ్‌మెంట్ల ఇనీషియలైజ్ చెయ్యి, న్యూ వాల్యూమ్ నొక్కు. ఫార్మాట్ గూడ దాన్లనే అయితది. అంతే!"

వాడు చెప్పినట్టే నొక్కిన. కనవడ్డది! ఖుషీల ఫోన్ పెట్టేసిన. గీడ ఆగితే నేనెందుకైత?

నాకేమనిపించిందంటే, కొత్త గిన్నె కొన్నా ఓసారి కడిగినంకనే గదా వాడుతం! డిస్క్‌ను గూడ ఇంకోసారి ఫార్మాట్ కొడ్తే పోయేదేముంది? 'న్యూ వాల్యూమ్' అని పేరు కనవడంగనే దానిమీద నొక్కిన. 'ఉన్నదంతా పోతది, సరేనా?' అని అడిగింది కంప్యూటర్. కొత్తదాంట్ల పోనీకి ఏమున్నది? ఓకే!

అయినంక చూస్తే ఏముంది... 'న్యూ వాల్యూమ్'లు రెండున్నయి! పాత డిస్క్‌ల డీ డ్రైవ్ పేరు గూడ గదే! ఎన్నడన్న చూసిననా? నేను కడిగింది పాతదాన్ని!

డీ డ్రైవ్ల ఏముండె? సుజాత వాళ్లక్క బిడ్డ పెండ్లి వీడియో! కాళ్ల నొప్పులతోని మా అత్తమ్మ ఆ పెండ్లికి పోలేకపోయింది. మనుమరాలిని చూసుకుందామని చేర్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. హాల్ల కుర్చీ ముందుకు జరుపుకొని, కండ్లద్దాలు తుడుసుకొని కూసున్నది.

"షురూ చెయ్యి అల్లుడా."

"కరెంటు పోయిందత్తమ్మా."

అత్తమ్మ మీదికి చూసింది. ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నది.

"మరి గదేంది?"

"గది... ఫ్యాన్‌కు ఉన్నది. కంప్యూటర్‌కే లేదు."

వంటింట్లకెల్లి సుజాత వచ్చింది, చేతుల గరిటె. ఇగ దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేసిన. 

సుజాతకు కోపం రాలే! పకపక నవ్వింది. "నువ్వు స్క్రూడ్రైవర్ దేవులాడుతుంటెనే నాకు దడ మొదలైంది. పెండ్లి వీడియో, పిల్లల ఫొటోలు, అన్ని పెన్‌డ్రైవ్ల ఎక్కించుకున్న" అన్నది. తెచ్చి టీవీకి పెట్టింది. పెండ్లిపీటల మీద మనుమరాలు కనవడంగనే అత్తమ్మ కండ్లల్ల నీళ్లు. నా పానం నాకొచ్చింది.

అప్పుడు యాదికొచ్చింది నాకు.

"సుజాతా! నా కరోకే పాటలు? దినాం పాడి దాచుకున్నయి?"

"గవా? పెన్‌డ్రైవ్ల జాగ సరిపోలే."

తర్వాత చూసిన. సగం పెన్‌డ్రైవ్ ఖాళీగనే ఉన్నది!

అత్తమ్మ టీవీ ఇడిసిపెట్టి నా దిక్కు తిరిగింది. "నీ పాటలు పోయినయా అల్లుడా? అన్ని?"

"అన్ని పోయినయత్తమ్మా."

రెండు చేతులెత్తి మొక్కింది. "కొమురెల్లి మల్లన్నా, నీకు బోనం చేస్తనయ్యా!"

నేనూకుంటనా? రవికి మళ్ల ఫోన్ కొట్టిన. స్పీకర్ల పెట్టుడే తప్పైంది. "పోయినయి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటదిరా" అని వాడన్నడో లేదో, తల్లీబిడ్డలు ఒక్కసారే "వద్దు!"

ఇప్పుడు కొత్త డిస్క్ ఖాళీగ ఉన్నది, ఇల్లు సల్లగ ఉన్నది. నేను బాత్‌రూంల పాడుకుంటున్న. గాడ సేవ్ చేసుకునే సౌలతు లేదని ఇంట్ల అందరు ఖుషీ!