పత్తికొండ మన్ను, అంగారకుడి మంచు

2023 ఫిబ్రవరి చివర. కర్నూల్లో అప్పుడే ఎండ ముదిరి, మా ఐస్ ఫ్యాక్టరీకి గిరాకీ మొదలైంది. అలాంటి రోజు పత్తికొండ నుంచి రూత్ అనే పదో తరగతి అమ్మాయి, సంచిలో ఎర్రమన్ను పట్టుకుని వాళ్ల నాన్నతో వచ్చింది.

"అన్నా, ఈ మన్నేసి ఐసుగడ్డ చేసియ్యి."

నాకు ఒళ్లు మండింది. ఐసులో చిన్న నలుసు కనబడితేనే జనం తిట్టిపోస్తారు. "మన్నేసిన ఐసు ఎవరు తింటారమ్మా?" అన్నాను.

"తినేదానికి కాదన్నా. అంగారకుని ధ్రువాల కాడ మంచు ఉండాది. మంచు మీద దుమ్ము, మళ్లా మంచు, వరసగా పేరుకున్యాయి. ఆ వరసలు చూసి ఆడ చలి ఎప్పుడు పెరిగిందో, ఎండ ఎప్పుడు పెరిగిందో చెప్తారంట. అది జిల్లా సైన్స్ ఫేర్‌లో చూపియ్యల్ల. గెలిస్తే రాష్ట్రస్థాయికి పోతా."

"ఇంట్లో మమ్మల్ని నిద్రపోనీదప్పా, చేసియ్యి," అన్నాడు వాళ్ల నాన్న.

క్యాన్ అనే పొడవాటి రేకు డబ్బాలో నీళ్లు పోసి బ్రైన్ ట్యాంకులో, అంటే గడ్డకట్టని చల్లటి ఉప్పునీళ్ల తొట్టిలో దించడం మా పద్ధతి. ఒక్కో వరస గడ్డకట్టాక మన్ను చల్లి, అలవాటుకొద్దీ దాని మీద మళ్లీ కుళాయి నీళ్లే పోశాను. కింది ఐసు కరిగి, మన్నంతా కలిసిపోయి గడ్డ ఇటుకరాయిలా తేలింది. రూత్ ముఖం వాడిపోయింది. దాంతో నాకూ పట్టుదల వచ్చింది. రెండోసారి నీళ్లను ముందే బాగా చల్లబరిచి పోశాను. తెలుపు, ఎరుపు వరసలు చక్కగా కుదిరాయి.

ఫేర్‌కు నేనే ఆటోలో తీసుకెళ్లాను. మధ్యాహ్నమైనా జడ్జి మా బల్ల దగ్గరికి రాలేదు. గడ్డ కారిపోతోంది. నాకు ప్రాణం ఒప్పలేదు. కప్పేద్దామని గోనెపట్టా అందుకున్నాను.

రూత్ నా చెయ్యి పట్టుకుంది. "కప్పొద్దన్నా. పైన చూడు."

పై తెల్ల వరసలు కరిగిపోయాయి. వాటి మధ్యనున్న మన్నంతా ఒకచోట చేరి మందంగా, ముదురు ఎరుపుగా నిలిచింది. అంతలో జడ్జి వచ్చాడు. "కరిగిపోయిందే, ఇంకేం చూపిస్తావమ్మా?" అన్నాడు.

"ఇదే సార్ చూపిచ్చేది. ఆడ ఎండ పెరిగిన కాలంలో మంచు నీళ్లు కాకుండానే ఆవిరైపోతాది. దుమ్ము మాత్రం మిగుల్తాది. ఇట్ల ఎరుపు మందంగా ఉంటే, ఆ కాలంలో మంచు శానా పోయిందని లెక్క."

జడ్జి వంగి ఆ ఎర్ర వరసను దగ్గరగా చూశాడు. ఆ పిల్లను చూసి నాకు కడుపు నిండిపోయింది. ఇన్నేళ్లూ ఐసును కరగనివ్వకపోవడమే పనితనమనుకున్నాను. కరిగిపోయిన మంచు కూడా ఏదో చెప్పి పోతుందని ఆ రోజే తెలిసింది.

తర్వాతి వారం రూత్ ఫోన్ చేసింది. "రాష్ట్రానికి సెలెక్టయినానన్నా. ఇంగో గడ్డ కావల్ల. ఈసారి తొందరగా కరిగేది చెయ్యి."

అలాంటి ఐసు అడిగిన మనిషిని నా వ్యాపారంలో అంతవరకూ చూడలేదు. నవ్వుకుంటూ క్యాన్ కడిగి పెట్టాను.