పెన్ను మీద తిరుమణి

నాయన పోయిన తొమ్మిదో రోజున నాకు పెన్ను గుర్తొచ్చింది. అది మాది కాదు, పుత్తూరులో ఉండే ఆయన స్నేహితుడిది. మంచాన పడ్డాక ఉత్తరాలు రాసుకోవడానికి నాయన అడిగి తెప్పించుకున్నాడు. యుద్ధం రోజులు. అలాంటి సీమ పెన్ను మద్రాసులో కూడా దొరికేది కాదు. నేను కొత్తగా గుమాస్తా పనిలో చేరి ఉన్నాను. గొప్పకోసం నాయనకు చెప్పకుండా దాన్ని నాలుగు రోజులు కచేరీకి తీసుకుపోయాను. అదే జేబులో ఇంటి తాళంచెవి ఉండేది. నల్లటి మూత మీద సన్నటి గీతలు పడ్డాయి.

పదకొండో రోజుకు ఆ స్నేహితుడు వస్తారు. నాయన ఎవరి పుస్తకం తెచ్చినా అట్ట వేసి చదివి, తెచ్చినట్టే తిరిగిచ్చేవాడు. ఇప్పుడు మాట ఆయన మీద పడుతుంది. జవాబు చెప్పుకోవడానికి ఆయన లేడు.

మొదట గిన్నెలు తోమే బూడిద జల్లించి రుద్దాను. పాత గీతలు పోలేదు సరికదా, కొత్తవి పడ్డాయి. తర్వాత నాయన నామాల పెట్టె తెరిచి తిరుమణి గడ్డ తీశాను. ఆ తెల్లమట్టి వేళ్ల మధ్య నలిపితే ఇసుక పలుకు తగల్లేదు. కొబ్బరినూనె చుక్కతో కలిపి, పాత పంచె ముక్కతో నిలువునా, వేలి బరువు మాత్రమే వేసి రుద్దాను. తుడిచి వెలుతురులో చూడడం, మళ్లీ రుద్దడం.

"నాయన పెట్టె ఎందుకు తీసినావురా?" అంది అమ్మ.

"ఊరికే."

సన్నవి పోయాయి. లోతైనవి రెండు మిగిలాయి. వాటిలో మట్టి ఇరుక్కుంది. అంతకుముందు వెతికితే గాని కనిపించనివి ఇప్పుడు దూరానికే తెల్లగా కనబడుతున్నాయి. పుల్లతో గీరినా రాలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పుత్తూరు మామ వసారాలో కూర్చున్నారు. పెన్ను సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడంతో నాకు మరీ భయమేసి, నేనే తెచ్చి ఇచ్చాను. మూత తిప్పి చూసి, గోటితో గీరారు.

"తిరుమణా?"

"అవును మామా."

"ఏమప్పా, నాకే నామం పెట్టాలనుకున్నావా?"

నవ్వుతూనే అన్నారు.

"నాయన తప్పేం లేదు మామా. నేనే..."

"ఉండబ్బా. పోయిన నెలే మీ నాయన జాబు రాసినాడు. నా చేతిలో పెన్ను మూత మీద గీతలు పడినాయి, మన్నించు అని. మంచం దిగేదానికే చేతకానోడు గీతలెట్ల పెట్టినాడా అని నేనూ అనుకున్నా. నీ పేరు యాడా రాయలేదులే."

నాయన అబద్ధం రాశాడంటే అంతకుముందు ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. గీతలు చూశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

"ఆ జాబు ఉందా మామా?"

"ఉండాది. పుత్తూరికి వస్తే సూపిస్తా."

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని బండికి బయలుదేరారు. మా ఇంట్లో ఉత్తరాలు తపాలా పెట్టెలో వేసేది నేనొక్కణ్ణే. ఆ జాబు కూడా నేనే వేసి ఉంటాను.